బోర్డు మీద పేరు లేని నల్లకారు

పశ్చిమ గోదావరి జిల్లా, ఏలూరు, రామచంద్రరావుపేటలో ఉంటున్న బొంతు స్నేహలత అనే నేను, వయసు నలభై ఆరు, అవివాహితను, డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం లెక్చరర్ని, ఎవరి ఒత్తిడీ లేకుండా నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. వచ్చే మార్చి నాలుగో తేదీన విజయవాడలో నా గుండెలో ఒక కవాటం మారుస్తారు. భయపడాల్సిందేమీ లేదని డాక్టరు గారు రెండుసార్లు చెప్పారు. రెండోసారి చెప్పినప్పటి నుంచే భయం మొదలైంది. నా బుద్ధి స్థిమితంగా ఉందని ఆయన రాసిచ్చిన కాగితం దీనికి జతపరిచాను. బుద్ధి గురించి నాకూ అనుమానం లేదు. దాన్ని నేను దేనికి వాడుకున్నానో అదే కింద రాస్తున్నాను.

1. ఇంతకు ముందు 2003లో ఒక వీలునామా రాసి బీరువాలో పెట్టాను. దాన్ని రద్దు చేస్తున్నాను. అందులో ఇల్లుంది, పుస్తకాలున్నాయి, బ్యాంకు పాసుబుక్కు ఉంది. కారు లేదు. మర్చిపోయి రాయకపోవడం కాదు.

2. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత నా ఇంటి కింది వాటాలో ఉంటున్న పాండురంగారావు గారిది. కోర్టులో ముప్పై ఏళ్లు ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. నా చిత్తుప్రతి చూసి, "వీలునామాలో ఆస్తి రాయాలమ్మా, కథలు రాయకూడదు. చదివేవాళ్లకి తీరికుండొద్దూ," అన్నారు. ఆయన మాట సబబే. కానీ ఏడో నిబంధన కథ చెప్పకుండా రాస్తే అది మళ్లీ 2003 నాటి కాగితమే అవుతుంది. ఆయన నన్ను క్షమించాలి.

3. నేను ఉంటున్న పై వాటా, రెండు గదులూ వంటిల్లూ, మా అన్నయ్య బొంతు ఆనంద్ పాల్ కూతురు కెజియాకు చెందాలి. బ్యాంకులో ఉన్నది కూడా ఆమెకే. ఆమెకు పదిహేనేళ్లు, మైనారిటీ తీరేదాకా వాళ్ల నాన్న చూసుకుంటాడు. దీనికి షరతులేమీ లేవు. మేనత్త ఇల్లిచ్చింది కాబట్టి మేనత్తలాగా చదవాలని ఎవరూ ఆ పిల్లను సతాయించకూడదు. చదువు మానేసి వాళ్ల నాన్న షెడ్డులో ఇంజిన్లు విప్పుకుంటానన్నా ఇల్లు ఆమెదే. ఒకప్పుడైతే ఈ వాక్యం నా కలం నుంచి వచ్చేది కాదు.

4. నా సొంత మైక్రోస్కోపు కూడా కెజియాకే. గాజు సీసాల్లో ఫార్మలిన్లో ఉన్న ఇరవై మూడు కొల్లేటి చేపలు మాత్రం మా డిపార్ట్‌మెంటుకు. ఈ సీసాల గురించి ఒక మాట చెప్పాలి. మా అమ్మ అచ్చమ్మ ఒకసారి ఈ ఇంటికి వచ్చి, అలమరలో వరసగా ఉన్న వాటిని చూసి, "ఇన్ని చేపలు కొనుక్కుని ఒక్కటీ వండుకోలేదేంటే," అంది. తర్వాత ఒక్కొక్కటీ వేలు పెట్టి చూపిస్తూ పేర్లు చెప్పుకుంటూ పోయింది. కొర్రమీను, మట్టగిడస, బొమ్మిడాయి. రెండు జెల్లలకు నేను ఒకే పేరు రాసి అంటించాను. అవి రెండూ ఒకటి కాదంది, మీసం చూడమంది. ఆమె వెళ్లాక పుస్తకం తీసి చూస్తే ఆమె చెప్పిందే నిజం. లేబులు మార్చాను. ఎవరు చెబితే మార్చానో క్లాసులో చెప్పలేదు. ఇప్పుడు నా షరతు ఇది: ఆ సీసాల మీద లాటిన్ పేర్ల పక్కన మన పేర్లు కూడా రాయాలి. జెల్ల సీసాల మీద "గుర్తుపట్టినవారు: అచ్చమ్మ, ఆకివీడు" అని రాయాలి.

5. నా క్రోటన్ కుండీలు, ఆకుపచ్చ జరీ అంచు పట్టుచీర మా హెడ్ చంద్రావతి మేడం గారికి. ఇరవై ఏళ్లుగా ఆమె మీద నాకు ఒక కోపం ఉంది. ఉద్యోగంలో చేరిన రోజు స్టాఫ్ రూములో, "మీ అమ్మగారు ఏం చేస్తారమ్మా," అని అడిగారు. "టీచరండి, మిషన్ స్కూల్లో," అన్నాను. ముందుగా అనుకున్నది కాదు, నోట్లోంచి వచ్చేసింది. తర్వాత పేరు అడిగితే ఆగ్నెస్ అన్నాను. ఆ రోజు నుంచి ఆమె ఎప్పుడు కనపడినా, "అమ్మగారు బాగున్నారా," అని అడిగేవారు. అడిగినప్పుడల్లా ఆమె మీద కోపం వచ్చేది. ఆమె చేసిన తప్పేమిటో ఇప్పటికీ కనిపెట్టలేకపోయాను. మర్యాదకు అడిగారు, అంతే. అమ్మ పోయినప్పుడు చర్చివాళ్లు జరిపే ఆదరణ కూడిక ప్రార్థన మా ఊళ్లోనే అని చెప్పి కాలేజీ నుంచి ఎవర్నీ రానివ్వలేదు. చీర ఒకసారే కట్టాను.

6. మా అమ్మ కత్తిపీట, నెత్తిన తట్ట కింద పెట్టుకునే చుట్టకుదురు, ఆమె పాటల పుస్తకం నా దగ్గర ఉన్నాయి. అవి అన్నయ్యకు చెందాలి. అమ్మ పోయాక నేనే అడిగి తెచ్చుకున్నాను. తెచ్చి, ఎవరి కంటా పడకుండా సూట్‌కేసులో పెట్టాను.

7. ఇక కారు. 1956 మోడలు, నల్లరంగు. ఆర్.సి. పుస్తకం నా పేరున ఉంది. నేను దాంట్లో ఒక్కసారి కూడా కూర్చోలేదు.

మా అన్నయ్యకు తాడేపల్లిగూడెంలో లారీల షెడ్డు ఉంది. నాకన్నా మూడేళ్లు పెద్ద. పదో తరగతితో చదువు ఆపేసి స్పానరు పట్టుకున్నాడు. అతని జీతం, అమ్మ తట్ట కలిసి నన్ను వాల్తేరులో ఎమ్మెస్సీ చదివించాయి. ఇది లెక్క కోసం రాయడం లేదు, ఎవరు ఎవరో తెలియడానికి రాస్తున్నాను.

1996లో కామవరపుకోటలో ఒక రైతు పొగాకు ఆరబెట్టే బ్యారన్లో ఈ కారు అతనికి కనపడింది. వెనక సీట్లో కోడిపెట్ట పొదుగుతోందట. గుడ్లు పిల్లలయ్యేదాకా ఆగి, అప్పుడు తెచ్చుకున్నాడు. చిత్తు కాగితాల కట్టలో దొరికిన, అట్ట లేని విదేశీ మోటారు పత్రిక ఒకటి నాకు చూపించి, "దీన్ని హాట్ రాడ్ అంటారంట చెల్లీ. పాత కారుని కోసి, కిందికి దించి, పెద్ద ఇంజినేసి ఎవరికి వాళ్లు చేసుకునేది. ఏ రెండూ ఒకలా ఉండవంట," అన్నాడు. నేను కాలేజీ పరీక్ష పేపర్లు దిద్దుతూ తలూపాను.

ఐదేళ్లు చేశాడు. లారీల పని అయ్యాక మిగిలిన పొద్దంతా దానికే. పైకప్పు జానెడు కోసి దించాడు. బానెట్ పక్కలు తీసేసి ఇంజిన్ బయటికి కనపడేలా పెట్టాడు. వెనక లావు చక్రాలు, ముందు సన్నవి. రంగులు వేసే సత్తిరాజు గారు, ఆ షెడ్డులో చేపల లారీలన్నిటికీ పేర్లు రాసేది ఆయనే, పత్రికలో బొమ్మ చూసి ముందు పక్కల మంటలు వెయ్యాలన్నారు. ఆయనకు పద్మం వచ్చు, పావురం వచ్చు, మంటలు రావు. చర్చిలో పెంతెకొస్తు పటం చూసొచ్చి అపొస్తలుల నెత్తిన దిగిన అగ్నినాలుకలు దించేశారు. "మా దేవుడి బొమ్మ కాదు కదండీ, తప్పుంటే మీ పాస్టరుగారికే చెప్పుకోండి," అన్నారట.

ముందు సీటు మాత్రం అమ్మ కొలత. అమ్మ ఆకివీడు నుంచి గణపవరం మీదుగా గూడెం దాకా తిరిగి చేపలు అమ్మింది. బస్సులో వాసనని ఎక్కనిచ్చేవారు కాదు, ఎక్కనిచ్చినా వెనక నిలబడమనేవారు. అన్నయ్య ఆమెను రంగు డబ్బా మీద కూర్చోబెట్టి, మోకాలి ఎత్తు, వీపు ఎత్తు టేపు పెట్టి కొలిచి సీటు చేయించాడు. కప్పు దించిన రోజు, "ఇంకా దించావంటే తట్ట దించుకుని ఎక్కాలిరా నేను," అని ఆమె నవ్వింది. సీటు బిగించేలోపు, 2000 డిసెంబరులో, పోయింది.

బ్రేక్ ఇన్‌స్పెక్టరు ఇలా కోసిన బండిని రోడ్డు మీద ఆపుతాడేమోనని, లెక్చరరు పేరుంటే మర్యాదగా వదిలేస్తాడని అన్నయ్య నమ్మకం. అందుకని ఆర్.సి. నా పేరున రాయించాడు. నా పేరుకు అంత విలువ ఉందని అతను అనుకున్నాడు.

2001 ఫిబ్రవరిలో కారు తయారైంది. ఆ షెడ్డులో ముందు బోర్డు మీద పేరు లేకుండా ఏ బండీ గేటు దాటదు. సత్తిరాజు గారి పట్టింపు అది. మా ఇళ్లలో ఇంకో పట్టింపు ఉంది: బిడ్డకు పేరు మేనత్త పెట్టాలి. కెజియాకు నేనే పెట్టాను. అన్నయ్య నన్ను షెడ్డుకు పిలిచి, "ఇది నాకు రెండో పిల్ల. పేరు నువ్వే చెప్పాలి," అన్నాడు. ఒక డైరీలో పేర్లు రాసి ఉంచాడు. గలిలయ. కొల్లేటి రాజా. యెహోవా ఈరే అని రాసి, అది ఇప్పటికే మూడు లారీల మీద ఉందని కొట్టేశాడు. సత్తిరాజు గారు వాళ్ల అమ్మవారి పేరు మావుళ్ళమ్మ అంటే షెడ్డంతా నవ్వారు. ఏడేళ్ల కెజియా బుజ్జి అంది. వెల్డరు నిత్యానందం, "అంత మొగబండికి బుజ్జేంటమ్మా," అంటే ఆ పిల్ల అలిగి టైర్ల మీదెక్కి కూర్చుంది. నేను కూడా నవ్వుతున్నాను. ఏదైతేనేం, ఒక పేరు చెప్పి ఆరింటి రైలుకు పోదామని.

అప్పుడు అన్నయ్య డైరీ మూసి, నా వైపు చూడకుండా, "అచ్చమ్మ అని పెడదామా," అన్నాడు. "పెట్టి, రేపు సోమవారం మీ కాలేజీకే తీసుకొస్తాను. సాయంత్రం నువ్వు బయటికొచ్చేసరికి గేటు ముందు ఉంటుంది. నువ్వే ముందెక్కాలి."

గేటు ముందు ఆ కారు, దాని మీద ఆ పేరు, చుట్టూ పిల్లలు, చంద్రావతి మేడం వచ్చి అచ్చమ్మ ఎవరని అడగడం, అన్నయ్య గ్రీజు చేతులతో దండం పెట్టి మా అమ్మండి, కొల్లేటి చేపలు అమ్మేదండి అనడం, అన్నీ వరసగా కనపడ్డాయి. ఒక్క నిమిషం కూడా పట్టలేదు. నేను ఇలా అన్నాను: "వద్దన్నయ్యా. అమ్మ పోయేముందు ఆస్పత్రిలో నాతో చెప్పింది. నా పేరు బండ్ల మీద రాసి రోడ్ల మీద దుమ్ములో తిప్పొద్దని."

అమ్మ అలా అనలేదు. ఆస్పత్రిలో ఆ కారు గురించి ఆమె అడిగింది ఒకటే. లోపలి నుంచి తలుపు ఎలా తెరుస్తారో ముందే నేర్పమంది, దిగేటప్పుడు వేరేవాళ్ల కోసం కూర్చోవాల్సి వస్తే బాగోదని.

అన్నయ్య నన్ను ఇంకేమీ అడగలేదు. అమ్మ చెప్పిందన్నాక అడగడానికి ఏముంటుంది అతనికి? సత్తిరాజు గారి వైపు తిరిగి, "తెల్లరంగు మూత పెట్టేయండి," అన్నాడు. వేరే పేరు చెప్పనా అని నేను అడిగాను, ఆ సంగతి కూడా ఇక్కడ రాయాలి. "అమ్మ వద్దందంటే వద్దు. ఇంకో పేరు మాత్రం నా వల్ల కాదు," అన్నాడు. ఎనిమిదేళ్లయింది. కారు తిరుగుతోంది. పెళ్లిళ్లకు అడిగి తీసుకెళుతున్నారు, ఆకివీడు చెరువుల దగ్గర కుర్రాళ్లు ఆపి ఫొటోలు తీసుకుంటున్నారు. పేరేంటండీ అంటే, "పెట్టలేదండి," అంటాడు. సత్తిరాజు గారు తన చేతి మీదుగా పేరు లేకుండా గేటు దాటిన బండి అదొక్కటేనని ఇప్పటికీ చెబుతారు. మా అన్నయ్య కాలేజీ గేటు వైపు రాలేదు. నన్ను ఏ సలహా అడగడం కూడా ఆ రోజుతో ఆపేశాడు. ఎవరికి తెలుస్తుందిలే అనుకుని మొదట్లో హాయిగానే ఉన్నాను. ఎంతకాలం హాయిగా ఉన్నానో సరిగ్గా చెప్పలేను. తక్కువేమీ కాదు.

కాబట్టి: సదరు కారును, దాని ఆర్.సి. హక్కుతో సహా, మా అన్నయ్య ఆనంద్ పాల్‌కు చెందేలా రాస్తున్నాను. అది మొదటి నుంచీ అతనిదే. ఇది ఇవ్వడం కాదు, తిరిగి అప్పగించడం. పై సంగతి నా చావు తర్వాత పాండురంగారావు గారు అతనికి చదివి వినిపించాలి.

8. మేనత్తగా పేరు పెట్టే హక్కును వదులుకుంటున్నాను. ఇకపై ఆ కారుకు అన్నయ్య తనకు తోచిన పేరు పెట్టుకోవచ్చు. ఆ హక్కును పాడుచేసిన మనిషి దాన్ని దగ్గర ఉంచుకోకూడదు.

9. సత్తిరాజు గారికి నా స్కూటీ రాయాలనుకున్నాను. ఆయన నా సాక్షిగా సంతకం పెడితే ఆయనకు రాసింది చెల్లదని పాండురంగారావు గారు చెప్పారు. అందుకని స్కూటీని బతికుండగానే ఇచ్చేశాను. ఆయన దాని ముందు భాగం మీద అప్పుడే ఏదో రాసేశారట. ఏమిటని అడగలేదు.

పై తొమ్మిది నిబంధనలూ ఫిబ్రవరి ఎనిమిదో తేదీకి రాసి ముగించాను. ముగించి చదువుకుంటే ఏడో నిబంధన చివరి వాక్యం నాకు మింగుడు పడలేదు. ఒకసారి చచ్చిపోయిన మనిషి నోట్లో మాట పెట్టి తప్పించుకున్నాను. ఇప్పుడు నేను చచ్చిపోయాక నా మాట వేరేవాళ్ల చేత చెప్పించి తప్పించుకుంటున్నాను. అప్పుడు అమ్మను అడగడానికి లేదు, ఇప్పుడు నన్ను అడగడానికి ఉండదు. ఇది అతి ఆలోచనేమోనని కూడా అనుకున్నాను. నాకు అలవాటే. నాలుగు రోజులు అలాగే తేల్చుకోలేక, పన్నెండో తేదీన అన్నయ్యకు ఫోన్ చేసి రమ్మన్నాను.

వచ్చాడు. టీ తాగాడు. ఏడో నిబంధన, దాని వెనకే ఎనిమిదోది చదివాను. చదువుతున్నంతసేపూ నేను కాగితం మీంచి తల ఎత్తలేదు. అయ్యాక, "ఆస్పత్రి సంగతి మళ్లీ చదువు," అన్నాడు. చదివాను. "తలుపు సంగతి," అన్నాడు. అదీ చదివాను. "అయితే అమ్మ వద్దనలేదు," అన్నాడు. అనలేదన్నాను. అతను అరుస్తాడని ఎదురుచూశాను, అరిస్తే బాగుండుననిపించింది. "ఎనిమిదేళ్లు అమ్మ మీద అలిగానే నేను," అన్నాడు. "నేను చేసింది ఆవిడకి నచ్చలేదనుకున్నాను." గ్లాసు తీసుకెళ్లి వంటింట్లో కడిగి బోర్లించి, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

అది నేను ఎప్పుడూ ఊహించలేదు. నా పరువు కాపాడుకున్నానని తెలుసు. దాని కోసం అమ్మను అతనికి దూరం చేశానని తెలియదు. జంతుశాస్త్రంలో ఒక శరీరం కోసి చూపించడం నాకు వచ్చు. ఈ ఒక్కటీ నా కళ్ల ముందే ఉండి కనపడలేదు.

వారం రోజులు ఫోన్ లేదు. పంతొమ్మిదో తేదీన సత్తిరాజు గారు స్కూటీ మీద ఏలూరు వచ్చి గుమ్మంలోనే నిలబడి చెప్పారు: "మీ అన్నయ్యగారు చెప్పమన్నారండి. ఆ ఎనిమిదో నెంబరు కొట్టేయమన్నారండి. మేనత్త ఉండగా పేరు వేరేవాళ్లు పెట్టరంట. కాగితం మీద రాసిస్తే పట్టదంట. షెడ్డుకొచ్చి, అందరూ ఉన్నప్పుడు, ఆవిడెవరో ఏం చేసేదో నోటితో చెప్పి పెట్టాలంట." వెళ్లబోతూ, "కోపంగానే ఉన్నారండి. అబద్ధం ఎందుకు," అన్నారు.

కాబట్టి ఎనిమిదో నిబంధనను ఇందుమూలంగా కొట్టివేస్తున్నాను. ఏడో నిబంధనలో చివరి వాక్యానికి కూడా అవసరం తీరిపోయింది. మిగతావన్నీ యథాతథంగా ఉంటాయి.

ఈ రోజు శనివారం. పొద్దున్నే చంద్రావతి మేడంకు ఫోన్ చేసి మా అమ్మ పేరు అచ్చమ్మ అని, చేపలు అమ్మేదని చెప్పాను. ఆమె, "అయితే ఇన్నేళ్లూ నేను ఎవరి క్షేమం అడిగినట్టు స్నేహలతా," అన్నారు. ఫోన్ పెట్టేసి రైల్లో గూడెం వచ్చాను.

షెడ్డులో అన్నయ్య, కెజియా, నిత్యానందం, ఇద్దరు లారీ డ్రైవర్లు, టీ కొట్టు మాణిక్యం గారు ఉన్నారు. సత్తిరాజు గారు బ్రష్షు పట్టుకుని కారు ముందు స్టూలు మీద నిలబడ్డారు. నేను పేరు చెప్పాను. "గట్టిగా చెప్పండమ్మా," అన్నారు ఆయన, "రాసేవాడికే కాదు, గేటు దగ్గర వాళ్లకీ తెలియాలి." మళ్లీ చెప్పాను. అచ్చమ్మ, మా అమ్మ, నెత్తిన తట్ట పెట్టుకుని ఆకివీడు నుంచి ఈ ఊరి వీధుల దాకా చేపలు అమ్మేది, ఆ డబ్బుతో నేను చదువుకున్నాను, చదువుకుని ఆమె ఎవరో దాచిపెట్టాను అని చెప్పాను. డ్రైవర్లలో ఒకాయన, "చేపలమ్మినావిడ పేరా బండికి," అన్నాడు, వెక్కిరింతగా కాదు, తెలుసుకోవడానికే. నాకు మాత్రం చెవులు మండిపోయాయి. నలభై ఆరేళ్ల మనిషిని, నిజం చెప్పడానికే వచ్చినదాన్ని, అప్పుడు కూడా మండాయి. ఇది మెచ్చుకోలు కోసం రాయడం లేదు. ఆ సిగ్గు పోయిందని కెజియా అనుకోకూడదని రాస్తున్నాను.

అన్నయ్య ముందు తలుపు తీసి, "కూర్చో," అన్నాడు. అమ్మ కొలతకు చేసిన సీటు నాకు పొట్టిగా ఉంది, మోకాళ్లు ముందుకు తగులుతున్నాయి. అద్దానికి అవతల సత్తిరాజు గారి చెయ్యి రెండో అక్షరం దగ్గర ఉంది. ఈ కాగితాలు ఒళ్లో పెట్టుకుని మిగిలింది ఇక్కడే రాసి, ఆయన దిగిన తర్వాత సాక్షుల ఎదుట సంతకం చేస్తున్నాను.

స్థలం: తాడేపల్లిగూడెం, ఆనంద్ పాల్ లారీ షెడ్డు.
తేదీ: 21 ఫిబ్రవరి 2009.

(సంతకం)
బొంతు స్నేహలత
చేపలమ్మిన అచ్చమ్మ కూతురు

ఆమె మా ఎదుట, మేము ఆమె ఎదుట సంతకాలు చేశాము:
1. సత్తిరాజు, పెయింటరు, తాడేపల్లిగూడెం. చేతికి రంగు అంటి ఉన్నందున కాగితం మీద పడిన తెల్లమరక నాదే.
2. నిత్యానందం, వెల్డరు, తాడేపల్లిగూడెం.